ఆగస్టు బ్యాండు

జూలై నెలాఖరుకు చాలా బళ్లకు హఠాత్తుగా సంగీతం గుర్తొస్తుంది. జనవరి 26 తర్వాత అటకెక్కిన డ్రమ్ములు, బ్యూగిళ్లు దుమ్ము దులుపుకుని కిందికి దిగుతాయి.

బ్యూగిల్‌కు మీటలుండవు, పిల్లనగ్రోవిలా రంధ్రాలూ ఉండవు. పెదాలు బిగించే తీరును బట్టే స్వరం మారాలి. మామూలుగా పలికేవి అయిదారు స్వరాలే. ఆ పెదాలు లొంగడానికి నెలల సాధన కావాలి. బడి ఇచ్చేది రెండు వారాల పీటీ పీరియడ్లు! అదీ లెక్కల సారు అరువు అడగకపోతేనే.

ఎంపిక మరీ శాస్త్రీయం. పొడుగ్గా ఉంటే బాస్ డ్రమ్ము, తెల్లబూట్లుంటే సైడ్ డ్రమ్ము. తాళజ్ఞానం సంగతి ఎవరూ అడగరు. పదో తరగతి అయితే అసలు పేరే పిలవరు, ర్యాంకు పాడైపోదూ!

జెండా పండుగ నాడు ఈ బ్యాండు వాయించాల్సింది ‘జనగణమన’. దానికి మార్గరెట్ కజిన్స్ స్వరలిపి కూర్చింది 1919లో, మన మదనపల్లె కాలేజీలోనే. పూర్తి గీతానికి పట్టేది దాదాపు 52 సెకన్లు. మన బ్యాండులో డ్రమ్ములు అంతకంటే ముందే గమ్యం చేరతాయి, బ్యూగిల్ ఇంకా దారిలోనే ఉంటుంది.

ముఖ్య అతిథి మాత్రం మైకందుకుని కళలకు పెద్దపీట వేస్తామంటారు. సంగీతం మాస్టారికి కుర్చీ కూడా లేని బడిలో!