డబుల్ కాలమ్ ఫోటో

హేవలాక్ వంతెన మీద రైళ్ళు ఆగిపోయిన 1997లోనే నేనూ, నా ఇద్దరు స్నేహితులూ కలిసి రాజమండ్రిలో ఓ పక్షపత్రిక మొదలుపెట్టాం. నాలుగు పేజీలు, వెయ్యి కాపీలు, వెల రూపాయి.

పెద్ద పత్రికల జిల్లా ఎడిషన్లో మా ఊరు కనిపించేది గానీ ప్రమాదాలకీ సన్మానాలకీ మించి ఉండేది కాదు. తెల్లారకుండానే కడియం నుంచి పూలబుట్టలతో దిగే ఆడవాళ్ళ గురించి ఎవరు రాస్తారు? వరద రోజుల్లో పడవలు కట్టేశాక రేవులో పడవవాళ్ళు ఏం తిని బతుకుతారో ఎవరు అడుగుతారు? ఆ పని మేం చేద్దామనుకున్నాం. మొదటి సంచిక మొదటి పేజీలో లావుపాటి అక్షరాలతో నేనే రాశాను: ఊరంటే మేడలూ గోపురాలూ కాదు, మనుషులు. 1874లో వీరేశలింగం పంతులుగారు వివేకవర్ధని పెట్టింది ఈ ఊళ్ళోనే. అదే ఊళ్ళో మేమూ పత్రిక పెట్టామన్న తలంపుకే ఒళ్ళు పులకరించేది.

మొదటి మూడు సంచికలూ సైకిల్ హ్యాండిల్‌కి సంచీ తగిలించుకుని కోటగుమ్మం నుంచి రేవు దాకా కొట్టు కొట్టుకీ తిరిగి వేశాం. సగానికి సగం వెనక్కి వచ్చేవి. బట్టల షాపు ఆయన ఇచ్చిన ప్రకటన డబ్బులు కాగితానికే చాలేవి కావు. నాలుగో సంచికతో ఊరంతా మనవైపు తిరగాలని పట్టుపట్టి, వంతెన మీద ప్రత్యేక సంచిక తలపెట్టాం.

గౌతమీ గ్రంథాలయంలో వారం రోజులు కూర్చున్నాను. 1897లో పని మొదలై 1900లో రైలు నడిచిన వైనం, వాల్టన్ అనే ఇంజనీరు, అప్పటి మద్రాసు గవర్నరు పేరు దీనికి పెట్టడం, కొవ్వూరు ఒడ్డు దాకా 56 ఖానాలు... రాస్తుంటే చెయ్యి ఆగలేదు. తొంభై ఏడేళ్ళు మోసి మోసి ఖాళీ అయిన వంతెనను రేవు మెట్ల మీద నుంచి చూస్తే ఇంటిపెద్దను గదిలో పెట్టి తలుపేసినట్టే ఉండేది. కొరతల్లా ఒక్కటే, మంచి పాత ఫోటో దొరకలేదు. మీ ఇళ్ళలో ఉంటే తెచ్చివ్వండి, జాగ్రత్తగా తిరిగిస్తాం అని మూడో సంచికలో వేశాం.

తెచ్చింది ఒక్క మామ్మగారే. నేత చీర, చేతిలో గుడ్డసంచీ. అందులోంచి పాత పంచెముక్కలో చుట్టిన ఫోటో తీసింది.

"గోడకున్నదే బాబూ. పటం కట్టినాయన చేతే విప్పించి తెచ్చాను."

ఫోటో చుట్టూ ఫ్రేము ఒత్తిన గీత ఉంది. ఓ మూల ఎండిపోయిన గంధం చుక్క. కళ్ళు చెదిరే బొమ్మ. ఒడ్డు నుంచి ఒక్కో గర్డరూ చిన్నదైపోతూ అవతల మంచులో కలిసిపోయింది. కుడిపక్కన నిక్కరు వేసుకుని, భుజాన సుత్తితో, గర్డరు మీద చెయ్యి ఆనించి నిలబడ్డ మనిషి.

"ఈయన కీమేన్ అండీ. ముప్ఫై ఏళ్ళు ఈ వంతెన మీదే నడిచారు. రివెట్టు మీద సుత్తి వేసి, మోత విని, ఇది వదిలిందని చెప్పేసేవారు. యాభై మూడు వరదప్పుడు మూడు రోజులు ఇంటికి రాలేదు. క్యారేజీ పట్టుకెళితే అక్కడ గాలికి మూత ఎగిరిపోయింది."

ఆమె ఇంకా చెప్తూనే ఉంది. నేను ఊఁ కొడుతూ ఫోటో చూస్తున్నాను. టీ తెప్పించాను. మళ్ళీ ఆదివారం వస్తానని వెళ్ళింది.

ఆ రాత్రి ప్రెస్సులో కరెంటు పోయి వచ్చేసరికి పదకొండయింది. పేజీలు కట్టే కుర్రాడు నిద్రమొహంతో ఉన్నాడు. ఫోటో వాడి ముందు పెట్టాను. డబుల్ కాలమ్‌లో పడుతుంది గానీ వెడల్పు ఎక్కువ.

"మనిషిని తీసెయ్, వంతెన ఉంచు," అన్నాను. పెన్సిల్‌తో వెనక ఓ గీత కూడా గీశాను.

తెల్లారి ఫోటో కవరులో నా చేతికొచ్చింది. అలాగే సొరుగులో పెట్టాను.

ఆ సంచిక వెయ్యి కాపీలూ మూడు రోజుల్లో అయిపోయాయి. కాలేజీ మాస్టారొకాయన వెతుక్కుంటూ వచ్చి భుజం తట్టారు. ఆ ఫోటో కత్తిరించి కొట్లో అద్దం కింద పెట్టుకున్నాడు బట్టల షాపాయన. పత్రిక నిలబడిందని మాకు మొదటిసారి నమ్మకం కలిగింది.

ఆదివారం మామ్మగారు వచ్చింది. సంచీలో మా పత్రికలు ఐదు. కూతుళ్ళకి పంపడానికి కొనుక్కుందట. నేను కుర్చీ వేసేలోపే ఒకటి తెరిచి నా ముందు పరిచింది.

"నాకు చదువు రాదు బాబూ. బొమ్మలో ఈయన కోసం చూశాను. ఎక్కడేశారు?"

వంతెన పూర్తిగా కనపడాలని మనిషిని వెయ్యలేదనీ, చోటు చాల్లేదనీ చెప్పాను. ఆమె కాసేపు పేజీ మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

"వంతెన కోసం పటం విప్పుతానా నాయనా? అది రోజూ రేవులోంచి కనపడుతూనే ఉంది కదా."

నాకు గొంతు పెగల్లేదు. వచ్చే సంచికలో ఆయన గురించే ఒక పేజీ వేస్తాను, ఇదే ఫోటో మొత్తం వేస్తాను అన్నాను. నిజంగానే అన్నాను. సొరుగు లాగి కవరు ఆమె చేతిలో పెట్టాను. ఆమె ఫోటో బయటికి తీసింది.

సరిగ్గా డబుల్ కాలమ్ వెడల్పుంది. కుడి అంచు స్కేలు పెట్టి బ్లేడుతో కోసినంత తిన్నగా ఉంది. ఆ అంచు దగ్గర, గర్డరు మీద, నాలుగు వేళ్ళు మాత్రం మిగిలాయి.