ఆఖరి మొట్టికాయ

కొట్టడం మనకి కొత్త కాదు. గుళ్లో కొబ్బరికాయ కొడతాం, కొత్త బండికి గుమ్మడికాయ కొడతాం, కృష్ణాష్టమికి ఉట్టి కొడతాం. మా నక్కపల్లి పక్కనే ఉపమాక వెంకన్న గుళ్లో కాయ ఒక్క దెబ్బకి సమానంగా పగిలిందా, ఇక కొట్టినాయన్ని పట్టలేం. ఇంత చేయి తిరిగినవాళ్లం, పాత టీవీ దగ్గరికొచ్చేసరికి మాత్రం జాలిపడిపోతాం. "పడుండనీ, ఎప్పటికైనా పనికొస్తుంది" అని అటక ఎక్కించేస్తాం. అటక దిగి పనికొచ్చిన వస్తువుని నేనింతవరకూ చూడలేదు.

పోనీ బతికున్నన్నాళ్లూ దాన్ని పువ్వుల్లో పెట్టి చూసుకున్నామా అంటే అదీ లేదు. 1987లో, ఆదివారం పొద్దున్నే దూరదర్శన్లో 'రామాయణ్'. రాముడు బాణం ఎక్కుపెట్టేసరికి బొమ్మ గిర్రున పైకి తిరిగిపోయేది. ఇంటిపెద్ద లేచి టీవీ నెత్తిన ఒక్కటిచ్చేవాడు. బొమ్మ నిలబడేది. బోర్డు మీద సోల్డరింగు వదిలేస్తే దెబ్బకి కాసేపు అతుక్కుంటుంది, దాన్ని డ్రై సోల్డర్ అంటారని మెకానిక్కులు తర్వాతెప్పుడో చెప్పారు. మేం మాత్రం అది భయపడి పనిచేస్తోందనుకునేవాళ్లం.

అలాంటి టీవీ ఒకటి ఈమధ్య మా అటక దిగింది. ఇన్నేళ్లు మొట్టికాయలే తిన్నదానికి ఆఖరి దెబ్బ ఘనంగా ఉండాలని సుత్తి పట్టుకుని పెరట్లోకి నడిచాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఏవండీ, అది పగిలితే ఊడ్చేది ఎవరు?" అంది. సరిగ్గా అప్పుడే వీధిలో మైకు: "పాత టీవీలు, పాత ఫ్రిజ్‌లు, ఇనప సామాన్లు కొంటాం..."

పాత సామాన్లాయన పరిగెత్తుకొచ్చాడు. "ఆగండి బాబూ! ముందునించి కొడితే గాజంతా మీ మీదకే వచ్చేస్తాది!"

నిజమే. పిక్చర్ ట్యూబులో గాలుండదు. పగిలితే గాజు లోపలికి కూలి, ఆ ఊపున బయటికి ఎగురుతుంది. పైగా ఆ గాజులో సీసం ఉంటుంది, పెద్ద ట్యూబైతే కిలో పైనే. ఆయన వెనక మరలు విప్పి, ట్యూబు మెడ చుట్టూ ఉన్న రాగి చుట్టని వేలితో తట్టాడు. "టీవీకి రేటేటుంది బాబూ, దీనికే." గుడ్డ కప్పి మెడ మీద చిన్నగా తట్టాడు. స్‌స్‌స్‌... ముప్ఫై ఏళ్లకి పైగా బయటే నిలబడ్డ గాలి లోపలికి దూరింది. రామాయణం అంతా చూపించిన పెట్టె అంత మర్యాదగా పోతుందనుకోలేదు. నా సుత్తి నా చేతిలోనే ఉండిపోయింది.

నాలాంటివాళ్ల కోసమేనేమో, హైదరాబాద్ మాదాపూర్లో 2022లో రేజ్ రూమ్ అని ఒకటి తెరిచారు. డబ్బు కట్టి, హెల్మెట్ పెట్టుకుని, పాత కంప్యూటర్లు, టీవీలు కసితీరా బాదుకోవచ్చట. ఆలోచిస్తే మా వీధిలో జరిగిందీ అదే, సామాన్లాయన కూడా నాకు డబ్బిచ్చే కొట్టాడు. హెల్మెట్ మాత్రం లేదు. అదే నాకు నచ్చలేదు.

2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం అసలు ఈ పాత టీవీలు, కంప్యూటర్లన్నీ రిజిస్టరైన రీసైక్లర్లకే చేరాలి. వాళ్ల మైకు మా వీధిలో ఇంకా వినపడలేదు. వినపడేదాకా మీకు మరీ చేయి దురద పెడితే పాత కీబోర్డు ఒకటి చూసుకోండి, కళ్లజోడు పెట్టుకుని మరీ బాదండి. పిక్చర్ ట్యూబు జోలికి మాత్రం పోకండి. ఊడ్చేది ఎవరో ముందే తేల్చుకోండి.