నిర్మొహమాటంగా చెప్పు

మా బాబాయి కవి. పుస్తకం చేతికిస్తూ ఎప్పుడూ ఒకటే మాటంటాడు: "నిర్మొహమాటంగా చెప్పరా. పొగడ్తలు నాకొద్దు." ఆ మాట నమ్మి నిర్మొహమాటంగా చెప్పినవాళ్లు మా చుట్టాల్లో ముగ్గురున్నారు. ఆ ముగ్గురిళ్లలో ఏ శుభకార్యం జరిగినా బాబాయి భోజనానికి కూర్చోడు. అక్షింతలేసి వచ్చేస్తాడు.

మీ ఊళ్లోనూ ఇలాంటాయన ఉండే ఉంటాడు. సొంత డబ్బుతో ఐదొందల కాపీలు వేయించి, నాలుగొందలు మంచం కింద దాచి, మిగతా వందా పెళ్లిళ్లలోనూ రైళ్లలోనూ పంచుతుంటాడు. మావాడిది తెనాలి. బ్యాంకులో క్యాషియరుగా చేసి రిటైరయ్యాడు కాబట్టి సమీక్షలో వాక్యాలు కూడా వేలు తడిచేసుకుని లెక్కపెడతాడు. రెండో సంపుటి మీద ఒక మాసపత్రికలో వచ్చిన సమీక్ష మొత్తం పద్నాలుగు వాక్యాలు. పన్నెండింట్లో మెచ్చుకున్నారు. పదమూడోది, 'అచ్చుతప్పులు పంటికింద రాళ్లలా తగులుతాయి.' పద్నాలుగోది, 'ముఖచిత్రం బాగుంది.'

తెలుగులో సమీక్ష అన్నాక ఈ రెండు వాక్యాలూ ఉంటాయి. పుస్తకం తెరవకుండా కూడా రాసేయొచ్చు. బాబాయికి మాత్రం మెచ్చుకున్న పన్నెండూ ఆ సాయంత్రానికే ఆవిరైపోయాయి, చివరి రెండూ ఇప్పటికీ కంఠతా వచ్చు.

"ముఖచిత్రం బాగుందిట! అంటే లోపలిది బాగాలేదనేగా?" అంటాడు. కాసేపాగి, "రాళ్లు తగిలాయంటే అన్నం తిన్నట్టేగా? మరి ఆ అన్నం రుచి సంగతి ఒక్క ముక్క రాయడేం?" అంటాడు. పన్నెండు ముక్కలు రాశాడు మహానుభావా అని మనం గుర్తుచేయకూడదు.

తర్వాత దర్యాప్తు మొదలవుతుంది. సమీక్షకుడిది ఏ జిల్లా, ఏ గ్రూపు, వాళ్ల బావమరిది సంపుటికి తను ముందుమాట రాయనన్నాడా, ఏదో సభలో శాలువాల వరస తారుమారైందా... కులం దాకా వెళ్లి, మర్యాద గుర్తొచ్చి వెనక్కి తిరుగుతాడు. అచ్చుతప్పులు నిజంగానే ఉన్నాయేమో అన్న అనుమానం మాత్రం ఆ దర్యాప్తులో ఎక్కడా రాదు. (ఉన్నాయి. 'విరహం' అన్నచోటల్లా 'విహారం' అని పడింది. దాంతో రెండు మూడు కవితలు బాగుపడ్డాయి కూడా.)

దర్యాప్తయ్యాక ప్రత్యుత్తరం. రాత్రి భోజనాల తర్వాత రూళ్ల కాగితాల మీద ఎనిమిది పేజీలు రాసి పిన్నికి చదివి వినిపిస్తాడు. పిన్ని మర్నాటి కూరకి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింటుంది. ఒక్కసారి మాత్రం నోరు విప్పింది: "పొద్దున పప్పులో ఉప్పు తక్కువైందన్నారు. నేనేమైనా ఎనిమిది పేజీలు రాశానా?" బాబాయి కాసేపు ఆలోచించి, "నీ పప్పుని ఎవరూ అచ్చెయ్యలేదు కదే" అన్నాడు.

మనసు మరీ కుంగితే పెద్దవాళ్లని సాక్ష్యానికి పిలుస్తాడు. తిరుపతి వేంకట కవులంతటివాళ్లకే కొప్పరపు కవులతో తగువులు తప్పలేదు. వేంకట రామకృష్ణ కవులతో వచ్చిన గొడవైతే 'గీరతం' అని ఏకంగా పుస్తకమే అయి కూర్చుంది. కట్టమంచి రామలింగారెడ్డి 1914లో 'కవిత్వతత్త్వ విచారం' వేసి ప్రబంధకవుల్నే కడిగేశాడు. పాపం వాళ్లకి జవాబిచ్చుకునే వీలైనా లేదు, ఎప్పుడో పోయారు. ఆ లెక్కన తనే నయం. తిరుపతి కవులు సవాలు చేసి మీసాలు పెంచిన కథ చెప్పేటప్పుడు, మీసం లేని మా బాబాయి పైపెదవి తడుముకుంటాడు.

"రా.రా. ఉండి ఉంటేనా, నా కవిత్వం విలువ తేల్చేవాడు" అని నిట్టూరుస్తాడు ఒక్కోసారి. కడప నుంచి 'సంవేదన' నడిపిన రాచమల్లు రామచంద్రారెడ్డి ఎంత పేరున్నవాడి మొహమైనా చూసి ఊరుకున్న మనిషి కాదు. ఆయన 1988లో పోయారు. బాబాయి మొదటి సంపుటి 1996లో వచ్చింది. మా వంశానికి దేవుడున్నాడు.

ఇక ఆకాశరామన్న ఉత్తరాల సంగతి. సంతకం లేని కార్డొకటి వచ్చింది ఒకసారి: 'కవిత్వం కట్టిపెట్టి పెరట్లో బెండకాయలు వేసుకో.' బాబాయి ఆ దస్తూరీ పట్టుకుని ఇంట్లో ఉన్న పెళ్లి శుభలేఖల కవర్లన్నీ సరిపోల్చాడు. దొంగ దొరకలేదు. పిన్ని మాత్రం బెండ విత్తనాలు వేసింది. బాగా కాశాయి. బాబాయి ఆ ఏడాదంతా బెండకాయ కూర ముట్టలేదు.

ఇంత రోషం ఉన్న మనిషి మూడో సంపుటి వచ్చాక మెత్తబడిపోయాడు. ఎవరూ ఏమీ అనలేదు. మెచ్చుకోలేదు, తిట్టలేదు, 'ముఖచిత్రం బాగుంది' అని కూడా రాయలేదు. పోస్టుమాన్ కరెంటు బిల్లులిచ్చి వెళ్లిపోతుంటే గుమ్మంలో నిలబడి, "ఇంకేం లేవా?" అని అడిగేవాడట. కాగితం, కలం ముట్టడం మానేశాడు. పిన్ని నాకు ఫోన్ చేసి, "ఎవరైనా నాలుగు తిట్టినా బాగుండురా, మనిషి మంచంలోంచి లేవట్లేదు" అంది.

నేను ఎడమచేత్తో ఒక కార్డు రాశాను. ప్రతీకలు పాతవనీ, పాదాల్లో ఊపు లేదనీ, విరహం మీద ఆయన పట్టు సడలిందనీ, కాస్త కష్టపడే రాశాను. సంతకం పెట్టకుండా విజయవాడ వెళ్లి మరీ పోస్టు చేశాను.

ఆ ఆదివారం వెళ్లేసరికి బాబాయి గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, బల్ల ముందు కూర్చున్నాడు. అడ్రసు లేని ఉత్తరానికి బహిరంగ లేఖ సిద్ధమైంది, పన్నెండు పేజీలు. పిన్ని నావైపు చూడకుండా కాఫీ ఇచ్చి లోపలికెళ్లింది. బాబాయి గొంతు సవరించుకుని మొత్తం చదివాడు. మొదటి పేజీలోనే ఉంది, ఈ ఉత్తరం రాసినవాడికి తెలుగు వాక్యం రాయడం చేతకాదనీ, వీణ్ణి పట్టించుకోవడమే దండగనీ.

"ఎలా ఉందిరా? నిర్మొహమాటంగా చెప్పు" అన్నాడు.

"మిగతాదంతా బాగుంది బాబాయ్. కానీ వాక్యం రాయడం చేతకాదు అనడం మాత్రం అన్యాయం" అన్నాను. "ఆ రెండో వాక్యం చూడు, 'పాదాల్లో ఊపు లేదు' అన్నచోట, ఎంత పొందిగ్గా ఉందో. ఏదీ, కార్డు ఇలా తే."