ఆరు వాట్లతో మీర్‌పేట్‌ను ఊపేయడం ఎలా?

తమ్మీ, ముందు కోఠికి పో. గుజరాతీ గల్లీలో 4440 ఐసీ వేసిన ఆంప్ అడుగు. ఐసీ చేసిన కంపెనీ కాగితంలో 4 ఓమ్‌ల స్పీకర్‌కు చానల్‌కు 6 వాట్లు అని ఉంటుంది. అది చదవకు. డబ్బా మీద పీఎంపీఓ 5000 అని ఉంటుంది, అది చదువు. మన పక్కనే బాలాపూర్ గణేశుడి లడ్డూ 1994 వేలంలో 450 రూపాయలు పలికింది, 2024లో 30 లక్షలు దాటింది. అందుకు ముప్పై ఏళ్లు పట్టింది. వాట్లకు అంత ఓపికెక్కడిది? డబ్బా అచ్చయ్యేలోపే ఎనిమిది వందల రెట్లు పెరుగుతాయి.

ఇక స్పీకర్లు. పెట్టె ఎత్తి చూడు, నడుము పట్టేస్తే మంచి సరుకే. వెనకాల 82 డీబీ అనో, 92 డీబీ అనో స్టిక్కర్ ఉంటే గీకేయ్. ఒక్క వాట్ ఇస్తే మీటరు దూరంలో ఎంత సౌండ్ వస్తుందో చెప్పే చాదస్తం అది. "పది డీబీ తక్కువైతే అదే సౌండ్‌కు పదింతల వాట్లు కావాలె అన్నా" అని షాపు పిల్లగాడు మొదలుపెడతాడు. అంటే 92 దానికి 5 వాట్లు సరిపోయే చోట 82 దానికి 50 పోయాలట. నువ్వు 82దే తెచ్చుకో. టీవీ స్టాండ్‌లో పడుతుంది, మరదలు ఏమీ అనదు.

రెండు పెట్టెలు చాలవనిపిస్తే ఒక్కో చానల్‌కు నాలుగు తగిలించు, అన్నీ పారలల్‌గా. 8 ఓమ్‌లవి నాలుగు కలిస్తే 2 ఓమ్‌లు. ఐసీ కాలిపోయినా బాధ లేదు, చవకే.

అసలు విద్య వాల్యూమ్ నాబ్‌లో ఉంది. పెద్ద ఆంపే స్పీకర్‌ను కాలుస్తుంది, చిన్నది ఏం చేస్తుందిలే అని మన గల్లీ మొత్తం నమ్మకం. ఆ ధైర్యంతోనే చివరిదాకా తిప్పు. సప్లై వోల్టేజీని దాటి పాట పైకి లేవలేదు కదా, అలల తలలు తెగిపోతాయి. ఆ కోతలో పుట్టే కీచు శబ్దాలు క్రాసోవర్ కండెన్సర్ దాటి నేరుగా ట్వీటర్‌లోకి పోతాయి. లోపల తీగ వెంట్రుకంత. సౌండ్ చరచరమన్నప్పుడే తగ్గించాలని మెకానిక్ అంటాడు. అలా తగ్గించుకుంటూ పోతే అతని గిరాకీ ఏం కావాలి? ఇంకా తొందరగా పని కావాలంటే బాస్ కూడా పెంచు. 6 డీబీ పెంచితే బాస్ నాలుగింతల వాట్లు అడుగుతుంది, తలలు ఇంకా కిందనే తెగుతాయి. కాలిన వార్నిష్ వాసన వచ్చిందంటే పని అయినట్టే. నా చేతి మీదుగా ఇప్పటికి మూడు ట్వీటర్లు పోయాయి.

మా అటక మీది పాత 92 డీబీ పెట్టెలను పెంట్‌హౌస్‌లో కిరాయికుండే పిల్లగాడు అడిగి పట్టుకుపోయాడు. వాటికి అదే 4440 ఆంప్ తగిలించాడు. నాబ్ పావు వంతు కూడా దాటించడు. పొద్దున రేడియోలో వార్తలు మెట్ల మీదికి మాట మాట వినిపిస్తుంటాయి. ఏం చేస్తాం, చిన్న పిల్లగాడు, ఇంకా అనుభవం లేదు.