కలువకు కావాల్సింది బురద

మా పక్కింటి అబ్బాయి కొత్తిల్లు కట్టుకుని పెరట్లో సిమెంటు తొట్టి కట్టించాడు. నర్సరీ నుంచి కలువ దుంప తెచ్చి, కొబ్బరిపొట్టులో పాతి, పైన రంగురాళ్లు పరిచాడు. మధ్యలో ఫౌంటెన్. వారానికోసారి నీళ్లన్నీ తోడేసి కడుగుతాడు. నెల తిరగకుండానే ఆకులు కుళ్లిపోయాయి. "తాతా, మన మహారాష్ట్ర చంద్రపూర్ ఎండకు కలువ బతకదు" అంటాడు.

నాకు ఒళ్లు మండింది. వేసవిలో 47, 48 డిగ్రీలు కాసే ఈ ఊళ్లోనే అల్లిపూలు, అంటే కలువలే, కోసుకుంటూ పెరిగాం మేము. కరీంనగర్ జిల్లా నుంచి ఇక్కడి లాల్‌పేట బొగ్గుగనికి వచ్చిన మా బాపు, క్వార్టర్ వెనక పాత గోలెంలో చెరువు అడుగు నల్లమట్టి జానెడు నింపి, మొలక పైకి కనబడేట్టు దుంప పాతేవాడు. ముందు నాలుగు వేళ్ల నీళ్లే. కాడ సాగినకొద్దీ నీళ్లు పెంచేవాడు. తర్వాత ఎండకు ఇగిరినన్ని పోయడం, పండిన ఆకు తుంచడం, అంతే. దోమపిల్లల్ని తినడానికి నాలుగు చిన్న చేపలు. మాగిన పేడ గుప్పెడు కాగితంలో చుట్టి మట్టి అడుక్కి దోపేవాడు. పైన చల్లితే నీళ్లు నాచు పడతాయి.

తెల్లకలువ రాత్రి విచ్చి, పొద్దెక్కాక ముడుచుకుంటుంది. బాపు నైట్ షిఫ్టు దిగి వచ్చేసరికి ఇంకా విచ్చుకునే ఉండేది. బొగ్గుమసి చేతులతోనే గోలెం పక్కన కూర్చుని ఆకు చీలిక చూపించేవాడు: "చీలిక ఉంటే అల్లి, లేకుంటే తామర."

ఇప్పుడు ఆకుమీద నీళ్లు చిలికే ఫౌంటెన్ లేనిదే తొట్టి తొట్టి కాదట! కలువకు గిట్టనిదే అది. కదలని నీళ్లు దానికి ప్రాణం.

ఇక కలువలు పెరిగే చెరువుల సంగతి. ఊరి నడుమ గోండు రాజుల నాటి రామాలా తలావ్‌ను గుర్రపుడెక్క కమ్మేసింది. ఆ చెరువును కాపాడమని 2021లో పర్యావరణ సంస్థ ఎకో-ప్రోకు చెందిన బండు ధోత్రే నిరాహార దీక్షకు కూర్చోవాల్సి వచ్చింది. మురుగు కలిసేకొద్దీ గుర్రపుడెక్క బలుస్తుంది, దాని కింద కలువకు ఎండ అందదు. బతుకమ్మకు అల్లిపూలు ఎక్కడ కోయాలి మా ఆడపిల్లలు?

నిన్న ఆ అబ్బాయి తొట్టిలో రాళ్లు తీయించి నల్లమట్టి పోయించాను. మీ ఇంట్లోనూ తొట్టి ఉంటే ఐదారు గంటలు ఎండ తగిలే చోట పెట్టండి, ఫౌంటెన్ ఆపండి, నీళ్లు మార్చకండి.