షుగర్ ఆఖర్న నోరు విప్పుతుంది

నేను సెమీ ఆటో అనలైజర్‌ని. నిజామాబాద్ ఖలీల్‌వాడిలో, డాక్టర్ల బోర్డుల నడుమ ఒక చిన్న ల్యాబులో నా బల్ల. సీరం చుక్కలో రీఏజెంటు కలిపి, 37 డిగ్రీల వెచ్చదనంలో ఉంచి, తేలిన గులాబీ నీళ్లను టెక్నీషియన్ నాకు తాగిస్తాడు. గ్లూకోజైనా, కొలెస్ట్రాలైనా, ట్రైగ్లిజరైడ్లైనా చివరికి అదే రంగు. దాని గుండా 505 నానోమీటర్ల వెలుగు పంపి, ఎంత మింగిందో చూసి అంకె చెప్తాను.

ఒకరోజు పొద్దున్నే బోధన్ నుంచి ఒక పెద్దాయన పరగడుపున వచ్చాడు. శక్కర్‌నగర్ నిజాం షుగర్స్ ల్యాబులో పనిచేసినవాడు. 1930ల చివర్లో మొదలై, ఆసియాలోనే పెద్దదని పేరు తెచ్చుకుని, 2015లో మూతపడిన ఫ్యాక్టరీ అది. అక్కడా చక్కెరను వెలుగుతోనే పట్టేవారు. రసం గుండా పోయిన వెలుగు ఎంత తిరిగిందో చూస్తే ‘పోల్’, అంటే చక్కెర శాతం. రసంలో కరిగినదంతా కలిపితే ‘బ్రిక్స్’.

ఆయన రిపోర్టు నేనే ఇచ్చాను: గ్లూకోజ్ 108, ట్రైగ్లిజరైడ్లు 212, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 35.

“షుగర్ లేదు గదా బిడ్డా?”

“లేదు కాకా, జర బార్డర్ల ఉన్నది గంతే.”

కాగితం మడిచి జేబులో పెట్టుకుని చాయ్‌కి పోయాడు.

విడివిడిగా చూస్తే ఏ అంకె కూడా హడలగొట్టేది కాదు. కలిపితే మెటబాలిక్ సిండ్రోమ్. దానికి గుర్తులు ఐదు: పరగడుపు గ్లూకోజ్ 100, ట్రైగ్లిజరైడ్లు 150, బీపీ 130/85, ఇవి అంతకు చేరినా దాటినా, హెచ్‌డీఎల్ మగవాళ్లకు 40, ఆడవాళ్లకు 50 కన్నా తగ్గినా, నడుము మన మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, అంతకు మించి ఉన్నా. మూడుంటే చాలు. కాకాకు బీపీ చూడకుండానే, టేపు పట్టకుండానే మూడూ నా బల్ల మీదే తేలాయి.

అమెరికా డాక్టర్ జెరాల్డ్ రీవెన్ 1988లో ఇలాంటి గుంపుకు ‘సిండ్రోమ్ ఎక్స్’ అని పేరుపెట్టి, మూలం ఇన్సులిన్‌కు ఒళ్లు లొంగకపోవడమేనన్నాడు. లొంగదీయడానికి క్లోమం మరింత ఇన్సులిన్ వదులుతుంది. అందుకే కొన్నేళ్లపాటు గ్లూకోజ్ అంకె పెద్దగా కదలదు. ఈలోగా కాలేయం కొవ్వును రక్తంలోకి ఎక్కువగా పంపుతుంది. ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి, హెచ్‌డీఎల్ పడిపోతుంది. చాలామందిలో షుగర్ నోరు విప్పేది అందరికన్నా ఆఖర్న. మనుషులు అడిగేది మాత్రం దాన్నే.

నాకు మాటొస్తే ఆయన్ని చాయ్ బండి దగ్గరే ఆపేదాన్ని: “కాకా, ఫ్యాక్టరీల పోల్ ఒక్కటే చూసి రసం మంచిదన్నవా? బ్రిక్స్‌తోని కలిపి ప్యూరిటీ తీసినవ్ గదా. గిక్కడ గూడ గంతే. మూడు గీతలు కలిపి సదువు, డాక్టర్‌కు సూపియ్యి.”