ఆ బండకు ఆనించిన కాలు

టిటికాకా సరస్సులోని సూర్యద్వీపంలో నేను చేసిన తప్పు ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పుకోలేదు.

బొలీవియాలోని కోపకబానా రేవులో మోటారు పడవెక్కాం. ఆ సరస్సే సముద్రమట్టానికి 3,812 మీటర్ల ఎత్తున ఉంటుంది. దీవిలో నాలుగడుగులు వేస్తే ఆయాసం. రొప్పుకుంటూనే ఉత్తరపు కొసన ఉన్న టిటికాలా అనే బండ దగ్గరికి చేరాను. సూర్యుడు అక్కణ్ణుంచే పుట్టాడని ఇంకాలు నమ్మేవారు. తమ ఆదిదంపతులు మాంకో కాపాక్, మామా ఓక్లో బయల్దేరిందీ ఈ దీవి నుంచేనని చెప్పుకునేవారు.

నేను గుడీ గోపురం లాంటిదేదో ఊహించుకుని వెళ్లాను. కనిపించింది లేత ఎరుపు ఇసుకరాయి. "ఇంతేనా!" అని పైకే అనేశాను. దానికి వీపు ఆనించి, బూటుకాలు మోపి ఫొటో తీయించుకున్నాను.

దారి చూపించడానికి వచ్చిన ఐమారా తెగ పెద్దాయన పల్లెత్తు మాట అనలేదు. కాస్త ఎడంగా కూర్చుని, సంచిలోంచి చిరగని కోకా ఆకులు మూడు ఏరి నేలమీద పెట్టాడు. ఎగిరిపోకుండా పైన చిన్న రాయి ఉంచాడు. సీసా ఎత్తి, తాను తాగకముందే నాలుగు చుక్కలు మట్టిలో ఒంపాడు. అది పచమామకు, భూమితల్లికి. అప్పుడు కాలు దించాను.

మా ఊళ్లోనూ బొడ్రాయి ఉంది. పసుపు పూసిన చిన్న రాయి, అంతే. పొరపాటున కాలు తగిలితే నాయనమ్మ కళ్లకద్దుకోమనేది. దాన్ని చూసి "ఇంతేనా" అని ఏనాడూ అనుకోలేదు. ఆ ఎరుక పరాయి దేశంలో ఎందుకు లేకపోయింది?

పదిహేడో శతాబ్దపు స్పెయిన్ మతగురువు బెర్నబే కోబో రాసింది తర్వాత చదివాను. ఇంకాల కాలంలో యాత్రికులు మూడు ద్వారాలు దాటాలి. మొదటి ద్వారం దగ్గరే తమ తప్పులు ఒప్పుకోవాలి. మూడో ద్వారం చేరినా బండ దగ్గరికి పోనివ్వరు. దూరం నుంచే దణ్ణం పెట్టి, కానుకలు అక్కడివాళ్లకిచ్చి వెనుదిరగాలి. ఇంకాలకు శతాబ్దాల ముందే టివనాకు అనే నాగరికత ప్రజలు దీవి దగ్గరి నీళ్లలో బంగారం, ప్యూమా రూపపు ధూపపాత్రలు సమర్పించారు. 2013లో పురాతత్వవేత్తలు వాటిని వెలికితీశారు.

ఆ యాత్రికులు తప్పు ఒప్పుకున్నాకే లోపలికి నడిచారు. నేను తిరిగొచ్చాక ఒప్పుకుంటున్నాను. మీరెప్పుడైనా వెళితే ఆ బండకు నాలుగడుగుల ఇవతలే ఆగండి. చూడాల్సిందంతా అక్కణ్ణుంచి కనిపిస్తుంది.